మంచి ర్యాంకు వచ్చిన ఇంట్లో కళాశాలల జాబితా

ఎం.పి.సి. చదివిన బిడ్డకు మంచి ర్యాంకు వచ్చిందని తెలియగానే ఆ ఇంట్లో ముందు మిఠాయి పంచుతారు. ఆ వెంటనే బంధువుల ఫోన్లు మొదలవుతాయి. ఎక్కడ చేరుస్తున్నారన్నదే మామూల నుండి ఖాలాల దాకా అందరి ప్రశ్న. జవాబుగా చాలా ఇళ్లలో ఒక్క పేరే వినిపిస్తుంది. అది ఐ.ఐ.టి. కావచ్చు, లేదా ఊరంతా ఎరిగిన ఏదో ఒక కళాశాల కావచ్చు. ఈ ఒక్క పేరు చెప్పే అలవాటు చురుకైన విద్యార్థులకే ఎక్కువ నష్టం చేస్తున్నదని మేము భావిస్తున్నాము. ఓ మోస్తరుగా చదివే బిడ్డ కోసం తల్లిదండ్రులు నాలుగు చోట్ల విచారిస్తారు, తెలిసిన వారిని అడుగుతారు. తెలివైన బిడ్డ విషయానికి వచ్చేసరికి, వాడికేమి, ఎక్కడైనా వస్తుందిలే అన్న నిశ్చింత ఆవరిస్తుంది. చివరకు గడువు ముగిసే రోజు సాయంత్రం, ఇంటర్నెట్ సెంటరులో, ఆ బిడ్డ ముఖం కూడా ఎరుగని మనిషి చేతి మీదుగా జాబితా తయారవుతుంది. రెండేళ్ల శ్రమ అర్ధగంటలో ఖర్చయిపోతుంది.

ఇంకొక రకం ఇళ్లు కూడా ఉన్నాయి. అక్కడ నిశ్చింతకు బదులు భయం రాజ్యమేలుతుంది. పెద్ద కళాశాల పేరు పైన వ్రాస్తే చేతికందే సీటు కూడా జారిపోతుందేమోనన్న భయం అది. అందువల్ల ‘తప్పకుండా వచ్చే’ కళాశాలను మొదట వ్రాసి, బిడ్డ కోరుకున్నదాన్ని నాలుగో వరుసకో అయిదో వరుసకో దింపుతారు. సీట్ల కేటాయింపు ఎలా జరుగుతుందో తెలియకపోవడమే ఈ భయానికి మూలం. కనుక ముందుగా ఆ విధానాన్ని వివరిస్తాము.

ఐ.ఐ.టి.లు, ఎన్.ఐ.టి.లు, కేంద్రం పరిధిలోని ట్రిపుల్ ఐ.టి.ల సీట్లను ‘జోసా’ అనే ఉమ్మడి వ్యవస్థ కేటాయిస్తుంది. ఐ.ఐ.టి.లకు జె.ఇ.ఇ. అడ్వాన్స్‌డ్ ర్యాంకునూ మిగిలిన వాటికి జె.ఇ.ఇ. మెయిన్ ర్యాంకునూ చూస్తారు. అయితే విద్యార్థి వ్రాసే జాబితా మాత్రం ఒక్కటే. మన రాష్ట్రాల కళాశాలలకు తెలంగాణలో ఎప్‌సెట్, ఆంధ్రప్రదేశ్‌లో ఈఏపీసెట్ వెబ్ ఆప్షన్లు వేరుగా ఉంటాయి. అన్నింటిలోనూ సూత్రం ఒకటే. కంప్యూటరు మంచి ర్యాంకు నుండి మొదలుపెట్టి ఒక్కొక్క విద్యార్థినే తీసుకుంటుంది. ఆ విద్యార్థి వ్రాసిన మొదటి కోరికను చూస్తుంది. అక్కడ సీటు ఉంటే ఇస్తుంది, లేకపోతే రెండవది, ఆ తరువాత మూడవది. మీ బిడ్డ వంతు వచ్చినప్పుడు పై పది కోరికలలోనూ సీటు లేకపోతే పదకొండవదాన్ని చూస్తుంది. పై పదింటిని వ్రాసినందుకు ఆ పదకొండవ చోట ఏ జరిమానా ఉండదు, వరుసలో వెనక్కి నెట్టడం కూడా ఉండదు.

దీని నుండి తేలే సంగతి స్పష్టమే. అందదనుకున్న కళాశాలను పైన వ్రాయడం వలన పోయేదేమీ లేదు. అందేదాన్ని పైన వ్రాసి, కోరుకున్నదాన్ని దాని క్రింద వ్రాస్తేనే నష్టం. పైది దొరికిన తరువాత క్రింది వరుసలను కంప్యూటరు చూడనే చూడదు. కాబట్టి వరుస క్రమం పూర్తిగా ఇష్టాన్ని బట్టి ఉండాలి. జాగ్రత్త అంతా జాబితా పొడవులో ఉండాలి. ఈ రెండు పనులను కలిపేయడం వల్లనే మంచి ర్యాంకులు వృథా అవుతున్నాయి.

ఇక అందుతుందో అందదో తెలుసుకోవడం ఎలా? జోసా ప్రతి ఏటా ప్రతి విడతలోనూ ఏ కళాశాలలో ఏ కోర్సు ఏ ర్యాంకుతో మొదలై ఏ ర్యాంకుతో ముగిసిందో తన వెబ్‌సైటులో ఉంచుతుంది. రాష్ట్ర కౌన్సెలింగులోనూ గత సంవత్సరాల చివరి ర్యాంకుల పట్టికలు లభిస్తాయి. ఒక్క ఏడాది అంకె చూసి నిర్ణయానికి రావద్దు. మూడేళ్ల చివరి విడత అంకెలను ఒక కాగితం మీద ప్రక్కప్రక్కన వ్రాసుకోవాలి. ఉదాహరణకు ఒక కోర్సు మూడేళ్లలో వరుసగా 9,000, 9,800, 8,700 ర్యాంకుల దగ్గర ముగిసిందనుకుందాం. మీ బిడ్డ ర్యాంకు 9,300. ఇది వస్తుందనీ రాదనీ చెప్పలేని సీటు. మూడేళ్లలోనూ 7,000 లోపే ముగిసినది ఆశ మాత్రమే. మూడేళ్లలోనూ 14,000 దాటినది ధైర్యంగా లెక్కించదగినది. తెలివైన విద్యార్థి జాబితాలో ఈ మూడు రకాలూ ఉండాలి. మేము చూసినంతలో మొదటి రకం ఎక్కువగా, రెండవది కొద్దిగా ఉంటాయి, మూడవది అసలే ఉండదు. మూడవ రకంలో కనీసం ఏడెనిమిది వరుసలైనా ఉండాలి. అవి కూడా, వస్తే సంతోషంగా చేరగలమని బిడ్డ స్వయంగా ఒప్పుకున్నవై ఉండాలి. చేరే ఉద్దేశ్యం లేని పేరును జాబితా పొడవు కోసం వ్రాయించడం అనవసరం.

ఈ అంకెలను చదవడంలో చాలామంది జారే మెట్టు ఒకటున్నది. జోసా పట్టికలో జనరల్ సీట్ల ముగింపు అంకె అందరినీ కలిపిన ఉమ్మడి ర్యాంకు. ఓ.బి.సి., ఇ.డబ్ల్యు.ఎస్. వంటి వరుసలలో కనిపించేది ఆ వర్గంలోని ర్యాంకు. ఉమ్మడి ర్యాంకు 12,000 ఉన్న బిడ్డ ఓ.బి.సి. వరుసలో 3,500 అన్న అంకెను చూసి నిరాశపడనవసరం లేదు. తన వర్గపు ర్యాంకును దానితో పోల్చుకోవాలి. అలాగే ఎన్.ఐ.టి.లలో సగం సీట్లు ఆ రాష్ట్రం వారికి కేటాయింపు కనుక ఒకే కోర్సుకు రెండు ముగింపు అంకెలు ఉంటాయి. ఐ.ఐ.టి.లలో ఇటువంటి స్థానికత లేదు. ఇక్కడ రాష్ట్రం అంటే ఇంటి చిరునామా కాదని, పన్నెండవ తరగతి ఉత్తీర్ణులైన రాష్ట్రమని గుర్తుంచుకోవాలి. కోచింగ్ కోసం కోటాకు పంపి పరీక్ష కూడా అక్కడే వ్రాయించిన తెలుగు తల్లిదండ్రులకు ఈ సంగతి తరచుగా ఆలస్యంగా తెలుస్తుంది.

మన సమాజానికి ప్రత్యేకించిన ఒక చిక్కు గురించి కొంత విపులంగా చెప్పవలసి ఉన్నది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో చేసిన చట్టం ప్రకారం ముస్లిములలోని కొన్ని వెనుకబడిన వర్గాలకు బి.సి.-ఇ. క్రింద 4 శాతం రిజర్వేషను లభించింది. ఎప్‌సెట్, ఈఏపీసెట్ వంటి రాష్ట్ర ప్రవేశాలలో ఇది వర్తిస్తుంది. జోసా కేంద్రానికి చెందినది. అక్కడ కేంద్ర ఓ.బి.సి. జాబితాయే ప్రమాణం. నూర్‌బాషా, దూదేకుల వర్గం వారు రాష్ట్రంలో బి.సి.-బి., కేంద్ర జాబితాలోనూ ఉన్నారు. బి.సి.-ఇ. ధ్రువపత్రం ఉన్నంత మాత్రాన కేంద్రంలో ఓ.బి.సి. అయిపోతామని మాత్రం అనుకోరాదు. తమ వర్గం పేరు కేంద్ర జాబితాలో ఉన్నదో లేదో ముందుగా చూసుకోవాలి. లేని పక్షంలో మరొక ద్వారం తెరిచి ఉన్నది. కేంద్ర సంస్థలలో ఏ రిజర్వేషనుకూ చెందని, సంవత్సర ఆదాయం 8 లక్షల రూపాయలకు లోబడిన కుటుంబాలకు 10 శాతం ఇ.డబ్ల్యు.ఎస్. కోటా 2019 నుండి అమలులో ఉన్నది. దీనికి భూమి, ఇల్లు విషయంలో కొన్ని పరిమితులున్నాయి. 2007 చట్టం పరిధిలోకి రాని సయ్యద్, మొఘల్, పఠాన్ కుటుంబాలు కూడా అర్హత ఉంటే దీనిని పొందవచ్చు. రాష్ట్రంలో బి.సి.-ఇ. అయి ఉండి కేంద్ర జాబితాలో లేనివారు సైతం కేంద్ర ప్రవేశాలలో ఇ.డబ్ల్యు.ఎస్.కు అర్హులే. ముస్లిములకు అగ్రవర్ణ కోటా ఎక్కడిదని నవ్వి ఊరుకునే పెద్దల వలన ఎందరు పిల్లలు ఈ అవకాశాన్ని కోల్పోతున్నారో! ధ్రువపత్రం ఏప్రిల్ 1 తరువాత, ఆ ఆర్థిక సంవత్సరానికి జారీ అయినదై ఉండాలి. నిరుటి పత్రం పనికిరాదు. తెలంగాణలో మీసేవ ద్వారా, ఆంధ్రప్రదేశ్‌లో సచివాలయం ద్వారా దరఖాస్తు చేసి తహసీల్దారు సంతకం అయ్యేవరకు పట్టే రోజులను దృష్టిలో ఉంచుకొని, ఫలితాలు రాకముందే ఈ పని మొదలుపెట్టాలి.

ఇప్పుడు డబ్బు సంగతి. సీటు వచ్చిన తరువాత ఫీజు గురించి ఆలోచిద్దామనుకునే ఇంట్లో చివరికి రెండే దారులు మిగులుతాయి. ఒకటి వడ్డీ అప్పు, రెండవది బిడ్డ కన్నీళ్లు. వడ్డీ విషయంలో దివ్యఖుర్ఆన్ ఎంత కఠినంగా హెచ్చరించిందో మన పాఠకులకు చెప్పనవసరం లేదు. కనుక జాబితాలో పేరు చేరకముందే దాని ప్రక్కన నాలుగేళ్ల ఫీజు, హాస్టలు, భోజనం, ప్రయాణం కలిపి మొత్తం వ్రాయాలి. ఇలా వ్రాసినప్పుడు కొన్ని ఆశ్చర్యాలు ఎదురవుతాయి. మన వంటివాళ్లకు ఐ.ఐ.టి. ఖర్చు ఎక్కడ తట్టుకోగలమని జాబితా నుండి కొట్టివేసే కుటుంబాలను మేము ఎరుగుదుము. 2016లో ఐ.ఐ.టి.ల ట్యూషను ఫీజును ఏడాదికి 2 లక్షల రూపాయలకు పెంచిన మాట నిజమే. కానీ ఆ సమయంలోనే, కుటుంబ ఆదాయం ఏడాదికి లక్ష రూపాయల లోపు ఉన్న విద్యార్థులకు ట్యూషను ఫీజు పూర్తిగానూ, లక్ష నుండి 5 లక్షల లోపు వారికి మూడింట రెండు వంతులూ రద్దు చేశారు. ఎన్.ఐ.టి.లలోనూ ఇటువంటి రాయితీ ఉన్నది. చిన్న దుకాణం నడిపే తండ్రి, ఆటో నడిపే తండ్రి ఈ లెక్క వేసి చూస్తే, దూరపు ఐ.ఐ.టి. కన్నా ఊరికి దగ్గరలోని ప్రైవేటు కళాశాల మేనేజిమెంటు సీటే ఎక్కువ ఖర్చుతో కూడినదని తేలవచ్చు. ఆదాయ ధ్రువపత్రం లేక ఈ రాయితీని పోగొట్టుకోవడం కన్నా బాధాకరమైనది లేదు.

రాష్ట్ర కళాశాలల విషయంలో కన్వీనరు కోటా 70 శాతం, మేనేజిమెంటు కోటా 30 శాతం. కన్వీనరు సీటుకు ప్రభుత్వం నిర్ణయించిన ఫీజే వర్తిస్తుంది, అర్హులకు ఫీజు రీయింబర్స్‌మెంటు ఉన్నది. అయితే ఆ నిధులు ఆలస్యమైనప్పుడు విద్యార్థినే ముందు కట్టమని అడిగే కళాశాలలు లేకపోలేదు. కాబట్టి ప్రభుత్వం ఇస్తుందన్న భరోసా మీద మొత్తం లెక్క వేయకుండా, కనీసం ఒక ఏడాది ఫీజు చేతిలో ఉంచుకొనే ఏర్పాటు చేసుకోవాలి. మంచి ర్యాంకు ఉండి కూడా తొందరపాటుతో ఏప్రిల్‌లోనే ప్రైవేటు విశ్వవిద్యాలయానికి వేలాది రూపాయల అడ్వాన్సు కట్టేవారు మనలో తక్కువేమీ కాదు. ఈ వారంలో కట్టకపోతే సీటు ఉండదనే ఫోను వచ్చినప్పుడు, డబ్బు తిరిగి ఇచ్చే షరతులను వ్రాతపూర్వకంగా అడగండి. జవాబు రావడానికి పట్టే సమయంలోనే ఆ తొందరలో నిజమెంతో తెలిసిపోతుంది.

కోర్సు ముఖ్యమా, కళాశాల ముఖ్యమా అన్న వాదన ప్రతి ఇంట్లోనూ జరుగుతుంది. కంప్యూటరు సైన్సు తప్ప మరేదీ చదువు కాదన్నట్లుగా మాట్లాడటం ఇప్పటి రివాజు. మా అభిప్రాయం చెప్పమంటే, గణితం కన్నా భౌతికశాస్త్రం మీద ప్రేమ ఎక్కువ ఉన్న బిడ్డ చేత వంద వరుసలూ కంప్యూటరు సైన్సుతో నింపించడం అన్యాయం. తిరుపతిలోని ఐసర్ వంటి సంస్థలు శాస్త్రాన్నే చదవాలనుకునే వారికోసం ఉన్నాయి. వాటి ప్రవేశపరీక్ష వేరు, దరఖాస్తు గడువూ వేరు. ఆ సంగతి శీతాకాలంలోనే తెలిసి ఉండాలి, జూన్‌లో తెలిస్తే ఏమి లాభం?

అమ్మాయిల జాబితాల గురించి మాకు ఎక్కువ దిగులు. కొడుకుకు యాభై వరుసలు వ్రాసిన ఇంట్లోనే, అంతకన్నా మంచి ర్యాంకు తెచ్చుకున్న కూతురికి బస్సు దూరంలోని రెండు కళాశాలలు వ్రాసి ముగిస్తారు. తల్లిదండ్రుల ఆందోళన అర్థం చేసుకోదగినదే. ఒంటరి ప్రయాణం, హాస్టలు వాతావరణం, నమాజుకు వీలు, పరదా, ఆహారం, ఇవన్నీ నిజమైన ప్రశ్నలు. కానీ ప్రశ్న ఉన్నచోట విచారణ జరగాలి. అమ్మాయిల హాస్టలు ప్రాంగణంలోపల ఉన్నదా, బయట ఉన్నదా? రాత్రి ఎన్ని గంటలకు మూస్తారు? అక్కడ ఇప్పటికే చదువుతున్న ముస్లిం అమ్మాయిలు ఏమంటున్నారు? ఆ ఊళ్లో బంధువులు గాని, విశ్వసనీయమైన కుటుంబం గాని ఉన్నదా? మొదటి ప్రయాణంలో తండ్రో అన్నయ్యో వెంట వెళ్లగలరా? సంగారెడ్డి దగ్గరి కందిలో ఐ.ఐ.టి. హైదరాబాదు ఉన్నది. వరంగల్‌లో, తాడేపల్లిగూడెంలో ఎన్.ఐ.టి.లు, తిరుపతిలో ఐ.ఐ.టి., కర్నూలులోనూ శ్రీసిటీలోనూ ట్రిపుల్ ఐ.టి.లు ఉన్నాయి. వీటిలో ఏ ఒక్కదానినీ చూసి రాకుండానే దూరమని తీర్పు చెప్పేస్తున్నాము. తల్లి కూడా కూతురితో కలిసి ఒకరోజు వెళ్లి హాస్టలు వార్డెనుతో మాట్లాడి వస్తే, కాదనడానికైనా అవుననడానికైనా ఒక ఆధారం ఉంటుంది. 2018 నుండి ఐ.ఐ.టి.లలోనూ ఎన్.ఐ.టి.లలోనూ అమ్మాయిల కోసం అదనపు సీట్లు కల్పిస్తున్నారు. జోసా పట్టికలో వాటి ముగింపు ర్యాంకులు వేరుగా ఉంటాయి. ఒకే కోర్సుకు అబ్బాయికి అందని సీటు అమ్మాయికి అందే సందర్భాలు ఎన్నో. మన రాష్ట్ర కౌన్సెలింగులోనూ మూడవ వంతు సీట్లు మహిళలవి. ఆ పట్టికను తెరిచి చూడకుండా, మన అమ్మాయికి అంత పెద్ద చోట రాదులే అనుకోవడం లెక్క తెలియని మాట.

విచారించిన తరువాత కూడా తల్లిదండ్రులు ఒక చోటికి పంపలేమని నిర్ణయించుకుంటే, ఆ మాటను జాబితా వ్రాయకముందే, కారణంతో సహా కూతురికి చెప్పాలి. సీటు వచ్చిన తరువాత వద్దనడం ఆమె మనసులో ఏళ్ల తరబడి మిగిలిపోతుంది.

సంప్రదింపులు విశ్వాసుల లక్షణమని ఖుర్ఆన్ చెప్పింది, ఒక సూరాకు షూరా అనే పేరే ఉన్నది. ఇంటి షూరాలో ఎవరెవరు కూర్చోవాలి? బిడ్డ, తల్లి, తండ్రి తప్పనిసరి. వీరితోపాటు ఇటీవలి సంవత్సరాలలో ఈ దారిలో నడిచిన ఒక విద్యార్థి, పట్టికలు చదవడం తెలిసిన ఒక ఉపాధ్యాయుడు ఉంటే చాలు. ఇరవై ఏళ్ల క్రితం చదివిన మామూ సలహా ప్రేమతో కూడినదే అయినా, ఆయన కాలంలో ఇవాళ్టి సంస్థలు సగం పుట్టనే లేదు. మొదట బిడ్డ ఒంటరిగా తన వరుసను వ్రాయాలి. పెద్దలు దానిని చదివి ప్రశ్నలు అడగాలి. పేర్లు చేర్చమని సూచించవచ్చు, పైవరుసలను తారుమారు చేయరాదు. రేపు నాలుగేళ్లు ఆ తరగతి గదిలో కూర్చునేది ఆ బిడ్డ.

ఇస్తిఖారా గురించి కూడా ఒక మాట. హజ్రత్ జాబిర్ (రజి) ఉల్లేఖనం ప్రకారం దైవప్రవక్త (స) తన అనుచరులకు ఇస్తిఖారాను ఖుర్ఆన్ సూరాను నేర్పినంత శ్రద్ధగా నేర్పేవారు. రెండు రకాతులు నమాజు చేసి, తన జ్ఞానానికి అందని మేలును అల్లాహ్‌ను కోరుకునే దుఆ అది. కొందరు పట్టికలు చూడకుండా, ఎవరినీ అడగకుండా, రాత్రి కలలో కనిపించే గుర్తు కోసం ఎదురుచూస్తున్నారు. ఇస్తిఖారాకు కల తప్పనిసరి కాదని ఉలమా ఎన్నోసార్లు వివరించారు. విచారణ చేసి, సలహా తీసుకొని, ఒక నిర్ణయానికి చేరువైనప్పుడు చేసే దుఆగా దానిని బిడ్డకు నేర్పించాలి. ఆ దుఆను తల్లిదండ్రులు తామే చేసి ఊరుకోకుండా, బిడ్డ చేత చేయించాలని మా కోరిక.

జాబితా చివరి వరుసలను కొందరు విద్యార్థులు అవమానంగా భావిస్తారు. నా ర్యాంకుకు ఇది కూడా వ్రాయాలా అని అడుగుతారు. హజ్రత్ యూసుఫ్ (అలైహిస్సలాం) ఏడు సమృద్ధి సంవత్సరాలలో పంటను వెన్నుల్లోనే నిలువ చేయించిన వృత్తాంతాన్ని వారికి గుర్తు చేయండి. ధాన్యం పుష్కలంగా ఉన్న రోజులలోనే ఆ గాదెలు నిండాయి. ఆయన అల్లాహ్‌పై ఉంచిన నమ్మకానికి దాని వల్ల లోటు రాలేదు.

ఇక కేటాయింపు జరిగిన రోజు పని. జోసాలో సీటు వచ్చినవారు మూడు మాటలలో ఒకటి ఎంచుకోవాలి. ఫ్రీజ్ అంటే ఇదే చాలు, తరువాతి విడతలు వద్దు. ఫ్లోట్ అంటే ఇది ఉంచుకుంటాము, జాబితాలో దీనికన్నా పైనున్నది ఏ సంస్థలో వచ్చినా మారతాము. స్లైడ్ అంటే ఇదే సంస్థలో పైనున్న కోర్సు వస్తే మాత్రమే మారతాము. ఫ్లోట్ పెట్టినవారికి పైసీటు వస్తే పాతసీటు తిరిగి రాదు. అందుకే వరుసలో నిజాయితీ ఉండాలని మొదటినుండి చెబుతూ వచ్చాము. సీటు నచ్చలేదని అంగీకార రుసుము కట్టకుండా ఊరుకుంటే తరువాతి విడతలలో చోటు ఉండదు. రాష్ట్ర కౌన్సెలింగు తేదీలు ఇదే సమయంలో నడుస్తాయి కనుక రెండు గడువులనూ ఒకే క్యాలెండరు మీద, ఇంట్లో అందరికీ కనబడే చోట వ్రాసి ఉంచాలి. పదవ తరగతి మెమో, ఇంటర్ మెమో, ఆదాయ, కుల లేదా ఇ.డబ్ల్యు.ఎస్. ధ్రువపత్రాలలో బిడ్డ పేరు, తండ్రి పేరు ఒకే విధంగా ఉన్నాయో లేదో ఈ నెలలోనే సరిచూడండి. షేక్, షైక్ అన్న ఒక్క అక్షరం తేడా మన పిల్లలను ధ్రువపత్రాల పరిశీలన సమయంలో ఎంత తిప్పలు పెడుతుందో అనుభవించిన వారికి తెలుసు. ఆధార్‌లో తేడా ఉంటే దానిని మెమోకు అనుగుణంగా సరిచేయించుకోవడానికి ఇప్పుడు సమయం ఉన్నది.